పికప్ వెనక కమాన్ కట్టకు పట్టీ జోడించడం: కొలత తీయడం నుంచి చివరి బిగింపు దాకా

మదనపల్లె టమాటా యార్డులో లోడు ఎక్కించాక, తాడు బిగించే లోపు బండి వెనక్కి వెళ్లి గొంతు కూర్చుని, ఛాసిస్ కింది స్టాపర్ రబ్బరు మీదికి టార్చ్ వేసి చూడటం నాకు అలవాటు. రబ్బరుకూ హౌసింగ్‌కూ (వెనక చక్రాలను కలిపే ఇరుసు గొట్టం) మధ్య మూడు వేళ్లు అడ్డంగా దూరితే ఆ రోజు నిశ్చింత. వేలున్నర మాత్రమే దూరిందంటే చెన్నై దాకా ప్రతి గుంతకూ ధడేల్‌మనే మోత వినాల్సిందే. అడుగు క్రేట్లలో కాయలు కోయంబేడు మార్కెట్ చేరేసరికి పచ్చడి.

ఆ సందును నిలిపేది కమాన్ కట్ట, అంటే వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీదొకటి పేర్చి చేసిన స్ప్రింగు. కొత్తలో మూడు వేళ్లు దూరిన నా బండిలో నాలుగేళ్లకు వేలున్నరే మిగిలింది. అప్పుడు అందరూ చెప్పే మాటే నేనూ విన్నాను: "కట్టకు ఇంకో పట్టీ వేయించు, ఎంతైనా మోస్తుంది." ఈ మాటలో మొదటి సగమే నిజం. పట్టీ వేస్తే బండి తక్కువ కుంగుతుంది, అంతే. హౌసింగ్, వీల్ బేరింగులు, టైర్లు, బ్రేకులు అవే పాతవి. వాటికి కట్టలో ఇంకో పట్టీ చేరిన సంగతి తెలియదు. ఆర్‌సీలో రాసిన బరువు కూడా మారదు. ఓవర్‌లోడ్‌కు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పడుతుంది. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మనదే.

అందుకని ఇక్కడ చెప్పేది ఆర్‌సీ పరిమితిలో ఉన్న లోడుతోనే కుంగిపోతున్న బండిని తిరిగి సరైన ఎత్తుకు తెచ్చే పని గురించి. ఉదాహరణగా నా బండినే తీసుకుంటాను. 1.3 టన్నుల పికప్, వెనక ఒక్కో వైపు 6 పట్టీల కట్ట, పట్టీ వెడల్పు 60 మిల్లీమీటర్లు, మందం 8. మీ బండి కొలతలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు కొలత, తర్వాతే పానా

బండిని చదునైన సిమెంటు నేల మీద ఖాళీగా నిలపండి. నాలుగు టైర్లలో గాలి సరిచూసుకోండి. రెండు వైపులా రెండు కొలతలు కావాలి. ఒకటి స్టాపర్ రబ్బరు నుంచి హౌసింగ్ దాకా. రెండోది వెనక చక్రం హబ్ మధ్య నుంచి నిట్టనిలువుగా పైన బాడీ అంచు దాకా. తర్వాత మీరు రోజూ వేసే లోడే వేసి, వేబ్రిడ్జి మీద తూకం వేయించి, అవే కొలతలు మళ్లీ తీయండి. స్టాపర్ రబ్బరు దగ్గర నావి ఇలా వచ్చాయి: ఖాళీగా 110 మిల్లీమీటర్లు, లోడుతో 26. అంటే 50 క్రేట్లకు, క్రేటుతో కలిపి పాతిక కిలోల లెక్కన 1,250 కిలోలకు, కట్ట 84 మిల్లీమీటర్లు దిగింది. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. కొలవకుండా కమాన్ షెడ్డుకు వెళ్తే, షెడ్డువాళ్లకు ఏది తోస్తే అదే మీ బండికి పడుతుంది.

తర్వాత కిందికి దూరి చూడండి. కుంగిన ప్రతి కట్టకూ కొత్త పట్టీ అక్కర్లేదు. ఒకవైపే కుంగి ఉంటే సాధారణంగా ఆ వైపు పట్టీ ఒకటి విరిగి ఉంటుంది. విరిగిన చోటు పట్టీలన్నిటినీ నడిమిన గుచ్చి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, కట్టను హౌసింగ్‌కు బిగించే యూ-బోల్టుల కింద దాక్కుంటుంది కాబట్టి పైకి కనిపించదు. బండి తిన్నగా పోతున్నా వెనక నుంచి చూసేవాళ్లకు పక్కవాటంగా నడుస్తున్నట్టు కనిపిస్తే సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ జరిగిందని అర్థం. అన్నిటికన్నా పొడవైన మొయిన్ పట్టీ చివరి గుండ్రని కన్నులో బుష్ (లోపలి తొడుగు) నలిగిపోయినా కొంత కుంగినట్టు అనిపిస్తుంది. వీటిలో ఏది దొరికినా ముందు అది బాగుచేసి మళ్లీ కొలవండి. నాకు తెలిసి చాలామందికి పని అక్కడితోనే అయిపోతుంది.

రెండు వైపులా సమానంగా కుంగి, పట్టీలన్నీ సాబూతుగా ఉన్నాయనుకోండి. అప్పుడు ఒంపు కొలవాలి. మొయిన్ పట్టీ ఒక కన్ను మధ్య నుంచి ఇంకో కన్ను మధ్యకు సన్నని దారం లాగి కట్టండి. ఆ దారానికీ పట్టీ నడిమికీ మధ్య ఎంత లోతు ఉందో చూడండి. ఎడమకూ కుడికీ తేడా 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. లోడు వేసినప్పుడు కట్ట బల్లపరుపుగా అయితే పర్వాలేదు. తిరగబడి కిందికి వంగితే మాత్రం స్టీలు అలసిపోయినట్టే. అప్పుడు పట్టీ జోడించడం కన్నా కట్ట మొత్తం మార్చడం మేలు.

8కీ 10కీ మధ్య ఎంత తేడా

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. మొదటిసారి పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన 10 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కో వైపు ఒకటి తెచ్చి వేయించాను. "రెండు మిల్లీమీటర్లే కదా" అనుకున్నాను. ఖాళీగా తిరిగి వస్తుంటే పుంగనూరు దాటే లోపే నడుము పట్టేసింది. బండి ప్రతి గతుక్కీ గంతులు వేసింది. ఆరు నెలలకు కుడివైపు ఆ కొత్త పట్టీయే సరిగ్గా మధ్యలో విరిగింది.

కమాన్ షెడ్డులో పెద్దాయన విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని, దాన్ని చూడకుండా నన్ను చూశాడు. "ఏం నాయనా, ఎద్దుల జతలో దున్నపోతును కట్టినావే?"

ఆయన ఒక్క మాటలో చెప్పింది లెక్కలో ఇలా ఉంటుంది. పట్టీ గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెండింతలైతే గట్టిదనం ఎనిమిదింతలు. 8 నుంచి 10కి వెళ్తే 1.25ను మూడుసార్లు గుణించుకోవాలి, అంటే దాదాపు 1.95. ఒక 10 మిల్లీమీటర్ల పట్టీ వేయడమంటే దగ్గరదగ్గర రెండు 8 మిల్లీమీటర్ల పట్టీలు వేసినట్టే. అంతేకాదు, కట్టలో పట్టీలన్నీ ఒకే ఒంపుతో కలిసి వంగుతాయి. ఒకే ఒంపుకు మందపు పట్టీ మీద ఒత్తిడి ఎక్కువ, ఈ లెక్కన 25 శాతం అధికం. అందుకే అన్నింటి కన్నా గట్టిదే ముందు విరిగింది.

పొడవు సంగతీ ఇంతే, కాకపోతే తిరగేసి. పొడవు ఘనం పెరిగిన కొద్దీ కట్ట మెత్తబడుతుంది. వెడల్పు, పట్టీల సంఖ్య మాత్రం సూటి లెక్క. 6 పట్టీలు 84 మిల్లీమీటర్లు దిగే చోట, అదే మందంతో ఏడోది చేరిస్తే సుమారు 72 దిగుతాయి (84ను 6తో గుణించి 7తో భాగించండి). పెద్దాయన రెండోసారి వేసింది ఇదే. కొత్త పట్టీకి కాస్త ఎక్కువ ఒంపు ఇవ్వడం వల్ల ఖాళీ ఎత్తు 110 నుంచి 120కి పెరిగింది. లోడు వేస్తే 48. మళ్లీ మూడు వేళ్లు.

మీ లెక్కలో రెండు పట్టీలు కావాల్సి వస్తే ఒకసారి ఆగి వేబ్రిడ్జి చీటీ మళ్లీ చదవండి. చాలావరకు తప్పు కట్టలో కాదు, లోడులో ఉంటుంది.

కొందరు పట్టీ బదులు హౌసింగ్‌కూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెడతారు. ఇంకొందరు పొడవాటి షాకిల్ (కట్ట వెనక చివరను ఛాసిస్‌కు తగిలించే, ఊగే ప్లేటు) వేస్తారు. దిమ్మతో బండి లేస్తుంది గానీ కట్ట గట్టిపడదు. పైగా బ్రేకు కొట్టినప్పుడల్లా హౌసింగ్ దిమ్మను మెలితిప్పుతుంది. షాకిల్ 50 మిల్లీమీటర్లు పొడవైతే బండి లేచేది అందులో సగమే, పైగా షాకిల్ కోణం పాడవుతుంది. సరుకు మోసే బండికి రెండూ నాకు నచ్చవు. లోడు కొన్ని రోజులే ఉండి మిగతా రోజులు ఖాళీగా తిరిగే బండికైతే కట్ట పైన వేసే హెల్పర్ కట్ట మంచి ఉపాయం. బండి కొంత దిగాకే అది ఛాసిస్ బ్రాకెట్‌ను తాకి పనిలోకి వస్తుంది, ఖాళీ బండి మెత్తదనం పోదు. మీ బండికి ఇప్పటికే హెల్పర్ ఉంటే, రోజూ వేసే లోడుతో అది బ్రాకెట్‌ను తాకుతోందో లేదో చూసుకోండి. అక్కడి రబ్బరు అరిగిపోయి తాకకపోవడం మామూలే.

తెచ్చుకోవాల్సినవి

పట్టీ కొత్తదే కావాలి, రెండు వైపులకూ ఒకే చోట ఒకే రోజు చేసిన జత. వెడల్పు, మందం పాతవాటితో సమానం. పొడవు మీ కట్టలో మెట్లలా తగ్గుతూ వచ్చే పట్టీల్లో మూడో దానికీ నాలుగో దానికీ మధ్యన. ఒంపు మాత్రం పక్క పట్టీల కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ఎందుకంటే, విడిగా పేర్చి చూస్తే పట్టీల చివర్లు తాకుతూ నడిమిన సన్నని సందు కనిపిస్తుంది. బోల్టు బిగించాక ఆ సందు మూసుకుపోయి చివర్లు పై పట్టీని గట్టిగా అదుముతాయి. మొయిన్ పట్టీ మీద పడే భారంలో కొంత ఈ అదుముడు వల్లే తగ్గుతుంది. ఒంపు తక్కువున్న పట్టీ వేస్తే అది కట్టలో ఊరికే కూర్చుంటుంది, బరువు మోయదు.

గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచిన పట్టీ ఎవరిచ్చినా తీసుకోకండి. కమాన్ స్టీలుకు బలం వచ్చేది కాల్చి నూనెలో ముంచి, మళ్లీ కొలిచిన వేడిలో పదును పెట్టడం వల్ల. గ్యాస్ మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. నీలం, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే అదే గుర్తు. వెల్డింగ్ పడ్డ పట్టీదీ అదే కథ. ఒంపు పెంచాలంటే చల్లగా ఉన్నప్పుడే ప్రెస్ మీద వంచాలి, లేదంటే ఫర్నేస్ ఉన్న చోట మళ్లీ పదును పెట్టించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. మీ ఊళ్లో లేకపోతే మీ బండి కొలతలకు సరిపోయే తయారు పట్టీ కొనండి.

యూ-బోల్టులు నాలుగూ కొత్తవి, పాతవాటి కన్నా ఒక్కో కాలు 8 మిల్లీమీటర్లు పొడవు. నట్టు బిగించాక కనీసం మూడు నాలుగు మరలు బయటికి రావాలి. పాత యూ-బోల్టు ఎంత బాగున్నా మళ్లీ వాడకండి. ఒకసారి పూర్తిగా బిగించింది కొంత సాగి ఉంటుంది, రెండోసారి పట్టు నిలవదు. సెంటర్ బోల్టులు రెండూ కొత్తవి, అవీ పొడవైనవే. బుష్‌లు పూర్తి సెట్టు. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి పాతవి తిరిగి వేయడం తెలివితక్కువ పని.

పనిముట్లలో తప్పనివి: రెండు గట్టి స్టాండ్లు, ట్రాలీ జాకీ, రెండు పెద్ద జీ-క్లాంపులు, టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), వైర్ బ్రష్, ఒక అడుగు పొడవు మర రాడ్డు, దానికి రెండు నట్లు. మర రాడ్డు ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

విప్పడం

ముందురోజు సాయంత్రమే యూ-బోల్టు నట్లకూ షాకిల్ బోల్టులకూ తుప్పు వదిలే నూనె పట్టించండి. పొద్దున మళ్లీ ఒకసారి. రాత్రంతా నానిన నట్టుకూ నానని నట్టుకూ మధ్య ఒక పూట పని తేడా ఉంటుంది.

ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డం పెట్టండి. వెనక జాకీతో లేపి, కమాన్ ముందు బ్రాకెట్‌కు కాస్త ముందుగా ఛాసిస్ కింద స్టాండ్లు నిలపండి. హౌసింగ్ కింద పెడితే ఈ పని సాగదు, అది కిందికీ పైకీ కదలాలి. ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా ప్రాణం మీదికి రాకుండా అది ఆదుకుంటుంది. ఇటుకలు, కర్రదుంగలు, జాకీ ఒక్కటే నమ్ముకోవడం వద్దు.

ఒకేసారి ఒకవైపే విప్పండి. రెండు వైపులా విప్పితే హౌసింగ్ జరిగిపోయి రంధ్రాలు కలపడానికి సాయంత్రం అవుతుంది.

జాకీని హౌసింగ్ కిందికి తెచ్చి, దాని బరువు మాత్రమే ఆనేంత ఎత్తండి. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ క్లిప్పు, బ్రేకు పైపు ఎక్కడైనా కట్టకు తగిలించి ఉంటే ఆ క్లిప్పు తీయండి. తర్వాత యూ-బోల్టు నట్లు. కట్ట హౌసింగ్ పైన కూర్చునే బండైతే జాకీ మెల్లగా దించితే రెండూ విడిపోతాయి. హౌసింగ్ కింద వేలాడే రకమైతే కట్టే కిందికి వస్తుంది, కాబట్టి దాని కింద కూడా ఆధారం ఉండాలి. హౌసింగ్ దిగేటప్పుడు ఒక కన్ను బ్రేకు గొట్టం మీదే ఉంచండి. అది బిగుసుకుంటే వెంటనే ఆపండి.

ముందు వెనక షాకిల్ బోల్టు, తర్వాత ముందు కన్ను బోల్టు. కట్ట బరువుగా ఉంటుంది, దించేటప్పుడు రెండో మనిషి పక్కన ఉండాలి. నా విషయంలో ఆ రెండో మనిషి మా బామ్మర్ది. "బావా, వదిలేయనా?" అని అడిగిన క్షణంలో నా వేళ్లు ఇంకా షాకిల్ ప్లేటు లోపలే ఉన్నాయి. ఎవరు ఎప్పుడు వదలాలో ముందే మాట్లాడుకోండి.

కట్ట విడదీసే చోట జాగ్రత్త

మొత్తం పనిలో ప్రమాదం ఎక్కువున్నది ఇక్కడే. బిగించి ఉన్న కట్ట అంటే లాగి పట్టిన విల్లు. సెంటర్ బోల్టు నట్టు నేరుగా ఊడదీస్తే పట్టీలు ఎగిరి ముఖానికి తగులుతాయి.

కట్టను నేల మీద పక్కకు పడుకోబెట్టి, సెంటర్ బోల్టుకు అటొకటి ఇటొకటి జీ-క్లాంపు బిగించండి. పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులు విప్పండి. ఇప్పుడు సెంటర్ బోల్టు తీసి, అదే రంధ్రంలో మర రాడ్డు దూర్చి రెండు వైపులా నట్లు వేయండి. క్లాంపులు వదులు చేస్తూ, నట్లు కూడా కొద్దికొద్దిగా వదలండి. పట్టీలు ఊపిరి వదిలినట్టు మెల్లగా విచ్చుకుంటాయి. అంత అవసరమా అనిపిస్తుంది గానీ, అవసరమే.

విడదీసే ముందే పట్టీల పక్క అంచు మీద సుద్దతో ఏటవాలుగా ఒక గీత గీయండి. తిరిగి పేర్చేటప్పుడు గీత కలిస్తే వరస సరిగ్గా ఉన్నట్టే.

ఒక్కో పట్టీని వైర్ బ్రష్‌తో తోమండి. పగుళ్లు చూడటానికి పాతకాలం పద్ధతి ఒకటి ఉంది, ఖర్చు లేదు. పట్టీకి కిరోసిన్ పూసి ఐదు నిమిషాలు ఆగి గుడ్డతో పొడిగా తుడవండి. పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లని పొడిలో తడి గీతలా కనిపిస్తుంది. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, కన్ను మొదలయ్యే మలుపులో, పై పట్టీని కింది పట్టీ చివర రాసిన గీత దగ్గర శ్రద్ధగా చూడండి. నా ఎడమ కట్టలో రెండో పట్టీకి, పైకి ఏమీ కనిపించని చోట, వెంట్రుకంత గీత లేచింది. ఆ పట్టీ కూడా మార్చాను. పగులు ఉన్న పట్టీతో బండి నడపడమే కాదు, దాని పక్కన కొత్త పట్టీ పెట్టడం కూడా దండగ.

కత్తి అంచులాంటి అరుగుదల, లోతైన తుప్పు గుంటలు ఉన్న పట్టీ కూడా పక్కన పెట్టాల్సిందే. పట్టీ విరగడం చాలాసార్లు ఇలాంటి చిన్న గుంట దగ్గరే మొదలవుతుంది.

పేర్చడం, బిగించడం

పట్టీల చివర్లలో, ఒకదాన్నొకటి రాసుకునే చోట మాత్రమే, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాయండి. పొడవునా పులిమితే దుమ్ము అంటుకుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. పట్టీల మధ్య రాపిడి కొంత ఉండాలి కూడా, బండి ఊపును అది కాస్త ఆపుతుంది. చివర్లలో ప్లాస్టిక్ ప్యాడ్లు ఉన్న కట్టకు గ్రీజు వద్దు, ప్యాడ్లు అరిగితే కొత్తవి వేయండి.

మర రాడ్డు మీద వరసగా గుచ్చండి. కొత్త పట్టీ మూడో దానికీ నాలుగో దానికీ మధ్య. రెండు క్లాంపులు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తూ పట్టీల అంచులు ఒకే తీరులో ఉన్నాయా అని చూసుకోండి. పూర్తిగా మూసుకున్నాక రాడ్డు తీసి కొత్త సెంటర్ బోల్టు వేయండి. దాని గుండ్రని తల ఎటు ఉండాలో పాతది చూసి గుర్తుంచుకోండి. ఆ తల హౌసింగ్ సీటులోని గుంటలో కూర్చుంటేనే హౌసింగ్ ముందుకూ వెనక్కూ జరగదు. క్లిప్పులు తప్పకుండా తిరిగి వేయండి. చక్రం గుంటలోకి జారి కట్ట సాగినప్పుడు ఆ భారం మొయిన్ పట్టీ ఒక్కదాని మీదే పడకుండా చూసేవి అవే. కట్టకు ఒక పట్టీ మందం పెరిగింది కాబట్టి పొట్టి క్లిప్పు సరిపోకపోవచ్చు, అప్పుడు పొడవుది చేయించండి.

రబ్బరు బుష్‌లు దూర్చడానికి సబ్బునీళ్లు వాడండి. గ్రీజు, డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గ్రీజు నిపుల్ ఉన్న లోహపు బుష్ అయితే మాత్రం గ్రీజు కావాలి.

ముందు కన్ను బోల్టు, తర్వాత షాకిల్. రెండింటినీ వేలితో తిరిగేంత వదులుగానే ఉంచండి. హౌసింగ్ ఎత్తి సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, యూ-బోల్టులు వేయండి. నాలుగు కాళ్లూ ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో బిగించాలి. ప్రతి కాలికీ నట్టు పైన మిగిలిన మరలు సమానంగా ఉండాలి. ఎంత బలంతో బిగించాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. చివరి బిగింపు టార్క్ పానాతోనే చేయండి. గాలి గన్‌తో డర్‌ర్‌మని తిప్పి వదిలేసిన యూ-బోల్టు ఒకటి బిగువుగా, ఇంకొకటి వదులుగా ఉంటుంది. కట్ట నడిమిన విరగడానికి వదులు యూ-బోల్టును మించిన కారణం లేదు. అక్కడ పట్టు లేకపోతే ప్రతి గతుకూ సెంటర్ బోల్టు రంధ్రం మీదే పడుతుంది.

చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, వెనక భాగాన్ని నాలుగైదు సార్లు ఊపి, అప్పుడు షాకిల్, కన్ను బోల్టులు పూర్తిగా బిగించండి. బండి గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలోనే పట్టుబడిపోయి, దించగానే ఇంకా మెలిపడి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. షెడ్డుల్లో తొందర మీద ఎక్కువమంది వదిలేసేది ఈ ఒక్క అడుగే.

రెండో వైపు ఇదే. చేయి అలవాటు పడింది కాబట్టి సగం టైమ్ పడుతుంది.

ఇప్పుడు షాకిల్ చూడండి. ఒంపు పెరిగితే కట్ట రెండు కన్నుల మధ్య దూరం తగ్గి వెనక షాకిల్ ముందుకు లాగబడుతుంది. ఖాళీ బండిలో అది నిట్టనిలువు దాటి మరీ ముందుకు వాలి ఉంటే పట్టీ ఒంపు ఎక్కువైంది. లోడు వేసినప్పుడు వెనక్కి స్వేచ్ఛగా ఊగాలి, ఛాసిస్‌కు తగలకూడదు. తర్వాత ముందు కన్ను బోల్టు మధ్య నుంచి హబ్ మధ్యకు రెండు వైపులా కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు మించితే ఏదో ఒక సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చోలేదు.

బ్రేకు వాల్వును మర్చిపోవద్దు

చాలా పికప్‌లలో ఛాసిస్ మీద ఒక బ్రేకు వాల్వు, దాని నుంచి వెనక హౌసింగ్‌కు ఒక సన్నని కడ్డీ లేదా స్ప్రింగ్ ఉంటాయి. మెకానిక్‌లు దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటారు. దాని పని ఇది: బండి వెనక ఎంత కుంగిందో చూసి, దాన్ని బట్టి లోడు అంచనా వేసి, వెనక బ్రేకులకు అంత ప్రెషర్ పంపుతుంది. మనం పట్టీ వేశాక అదే లోడుకు బండి తక్కువ కుంగుతోంది. వాల్వు మాత్రం లోడు తక్కువగా ఉందనుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ తగ్గిస్తుంది. 1,250 కిలోలతో ఘాటు దిగేటప్పుడు భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది.

బండి నడుపుతుంటే ఈ తేడా మొదట్లో తెలియదు. ముందు ప్యాడ్లు ఎప్పటికన్నా తొందరగా అరిగినప్పుడు తెలుస్తుంది, లేదా అంతకన్నా చెడ్డ రోజున. కడ్డీ పొడవును మాన్యువల్లో చెప్పిన ప్రకారం మళ్లీ సెట్ చేయించాలి. ప్రెషర్ గేజ్ ఉన్న సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. అంచనా మీద వంచే పని కాదిది. వెనక ప్రెషర్ మరీ ఎక్కువైతే ఖాళీ బండిలో వెనక చక్రాలు పట్టేసి, తడి రోడ్డు మీద బండి తిరుగుతుంది.

మిగతావి చూడటానికి పది నిమిషాలు చాలు. హౌసింగ్ పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు, షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగిపోకూడదు. హ్యాండ్‌బ్రేక్ లాగి చూడండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారితే 40, 50 వేగంలో సీటు కింద వణుకు వస్తుంది. 10 మిల్లీమీటర్ల మార్పుకు సాధారణంగా రాదు, వస్తే కట్టకూ సీటుకూ మధ్య సన్నని వాలు ముక్క వేసి సరిచేస్తారు. వెనక లేస్తే హెడ్‌లైటు వెలుగు కిందికి దిగుతుంది, గోడ మీద చూసి సరిదిద్దుకోండి.

పట్టీ తీసేయాలనుకునేవాళ్లకు ఒక మాట

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి పికప్‌ను సొంత వాడకానికి తీసుకున్నవాళ్ల బాధ దీనికి ఎదురు. వెనక ఎప్పుడూ ఖాళీ, కట్ట లోడు కోసం చేసింది, కాబట్టి వెనక సీట్లో కూర్చున్న అత్తగారికి ప్రతి స్పీడ్ బ్రేకరూ తెలుస్తుంది. వీళ్లలో కొందరు కిందనున్న గట్టి పట్టీ తీయించేస్తారు. పని పద్ధతి పైన చెప్పిందే, తిరగేసి: సెంటర్ బోల్టు, యూ-బోల్టులు ఈసారి పొట్టివి కావాలి. లేకపోతే మరలు అయిపోయి నట్టు ఆగిపోతుంది, కట్ట మాత్రం వదులుగానే ఉంటుంది.

నేనైతే పట్టీ మీద చేయి వేసే ముందు టైర్లలో గాలి చూస్తాను. చాలామంది ఖాళీ బండికి కూడా ఫుల్ లోడు ప్రెషర్ పెట్టి తిరుగుతారు. డోర్ మీది స్టిక్కర్‌లో ఖాళీ బండికి ఎంత రాశారో అంతకు దించి, మంచి షాక్ అబ్జార్బర్లు వేసి వారం నడిపి చూడండి. అప్పటికీ చాలకపోతేనే పట్టీ. తీసిన పట్టీ పారేయకండి. అది తీశాక బండి పాత బరువు మోయదని ఇంట్లో అందరికీ చెప్పండి, ఇల్లు మారే రోజున బీరువా ఎక్కించేది వాళ్లే కాబట్టి.

చట్టం సంగతి రెండు వైపులవాళ్లకూ వర్తిస్తుంది. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పులకు 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. మొదలుపెట్టే ముందు ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడగండి. వారంటీ, ఇన్సూరెన్స్ ఉన్న బండైతే వాళ్లనూ అడగండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

మొదట ఖాళీగా ఐదారు కిలోమీటర్లు, గుంతలున్న రోడ్డు మీదే నడపండి. కిర్రుమన్నా టక్కుమన్నా ఆపి చూడండి. తర్వాత సగం లోడు. ఆ తర్వాత మామూలు లోడు వేసి, డ్యాష్‌బోర్డులోని కాగితం తీసి అవే కొలతలు పక్కన రాయండి. ఎడమ, కుడి తేడా 10 మిల్లీమీటర్లు దాటితే ఒకవైపు పట్టీ ఒంపు తేడాగా ఉంది, షెడ్డుకు తిరిగి తీసుకెళ్లండి.

కొత్త కట్ట మొదటి రోజుల్లో సర్దుకుంటుంది. పట్టీల మధ్య పెయింటు, తుప్పు పొర నలిగి, యూ-బోల్టులు కొంత వదులవుతాయి. లోడుతో 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500 దగ్గర ఒకసారి, 1,000 దగ్గర ఒకసారి టార్క్ పానా పెట్టి చూడాలి. బిగించిన ప్రతిసారీ నట్టు నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాను. గీత విరిగితే నట్టు తిరిగినట్టే. కాకపోతే నట్టు తిరగకుండానే కట్ట నలిగి పట్టు తగ్గవచ్చు, కాబట్టి గీత చెక్కుచెదరకపోయినా ఈ మూడుసార్లూ పానా పెట్టాల్సిందే. నా బండికి 100 దగ్గర ఎనిమిది నట్లూ పావు చుట్టు తిరిగాయి, 500 దగ్గర రెండు కొద్దిగా కదిలాయి, 1,000 దగ్గర ఏదీ కదలలేదు. అప్పటి నుంచి లోడు ఎక్కాక టార్చ్ వేసినప్పుడు స్టాపర్ రబ్బరు దగ్గర వేళ్లు పెట్టి చూడటంతో పాటు, ఆ తెల్ల గీతలు కూడా చూసుకుంటున్నాను.